పిల్లితో చెప్పిన మాటలు

“దోన్యా, నీకు తిండి పెట్టారా, లేక పస్తేనా?” అని నెనిటా పిల్లిని అడిగింది.

“పెట్టాను. ఎముకల్లేకుండా ఉడకబెట్టిన కోడి,” అన్నాడు వంటింట్లోంచి రుఫీనో.

“అయితే తిన్నావన్నమాట,” అంది ఆమె, మళ్ళీ పిల్లితోనే.

వాళ్ళిద్దరి మధ్య మాటలు మూడేళ్ళుగా ఇలాగే నడుస్తున్నాయి. మొగుడు రుఫీనో, రోహాస్ అనే పట్నంలో ఇంకొకామెను పెట్టుకున్నాడని తెలిసిన రోజే నెనిటా బట్టలు సర్దుకుని చెల్లెలు లూస్ ఇంటికి వెళ్ళిపోయింది. మా దేశపు చట్టంలో విడాకులు లేవు. అందుకని, ఇక ఈ జన్మలో ఆ మనిషితో మాట్లాడనని మేరీమాత బొమ్మ ముందు ఒట్టు పెట్టుకుంది. పిల్లితో మాట్లాడనని మాత్రం పెట్టుకోలేదు.

నిజానికి దోన్యాను కూడా తనతో తీసుకెళ్ళింది. కానీ పిల్లి మనుషుల్ని కాదు, ఇంటిని నమ్ముకుంటుంది. ఎన్నిసార్లు తీసుకెళ్ళినా వీధులు దాటి తిరిగొచ్చి, పాత కిటికీలో జమీందారిణిలా కూర్చునేది.

ముసలితనంలో దానికి చక్కెర జబ్బు పట్టుకుంది. కనిపించిన బకెట్లో నీళ్ళన్నీ తాగేది. చిక్కి ఎముకల గూడైపోయింది. రెండు పూటలా ఇన్సులిన్ పడాలన్నాడు పశువుల డాక్టరు. రుఫీనో కళ్ళకి శుక్లాలు. సిరంజి మీద గీతలు ఆనవు. ఇక తప్పక నెనిటా ఒప్పుకుంది. పొద్దున చర్చి గంట కొట్టగానే ఒకసారి, సాయంత్రం గంట కొట్టగానే ఇంకోసారి వచ్చేది. మెడ వెనక తోలు పైకి పట్టుకుని, రెండు గీతల మందు వేసి వెళ్ళిపోయేది. అతను కలిపి పెట్టిన కాఫీ ముట్టేది కాదు.

ఇప్పుడు దోన్యా బొద్దుగా తయారైంది. బొచ్చు నిగనిగలాడుతోంది. ఒక్క దూకుతో కిటికీ ఎక్కేస్తోంది. “అంతా నీ చేతి చలవ,” అని ఇరుగుపొరుగు అంటుంటే నెనిటాకి లోలోపల గర్వంగానే ఉండేది. ఈమధ్య కాఫీ కూడా తాగుతోంది. తాగి, కప్పు తనే కడిగి పెడుతోంది.

“దోన్యా, నిన్నొకసారి డాక్టరుకి చూపించుకొస్తా. ఒక పూట సూది తగ్గిస్తాడేమో,” అంది ఒక రోజు.

రుఫీనో గరిటె పట్టుకునే బయటికొచ్చాడు.

“నేను చూపించానుగా. రెండు పూటలా పడాల్సిందే. డాక్టరు దగ్గరికెళ్ళడం, మందు తేవడం నా పని. నువ్వొచ్చి సూదేస్తే చాలు.”

“విన్నావటే? ఇన్నాళ్ళకి బాధ్యత తెలిసొచ్చింది ఈ మనిషికి.”

అతను నవ్వాడు. ఆమె తిట్టినా అతనికి బాగానే ఉండేది.

మొన్నటి తుఫానుకి ఊళ్ళో కరెంటు పోయింది. రెండో రోజుకి ఫ్రిజ్‌లో చేపలు కంపు కొట్టాయి.

“ఈ ఉక్కకి నీ మందు చెడిపోయుంటుందే దోన్యా. కొత్త సీసా తెమ్మని చెప్పు.”

“ఏం కాదులే. బానే ఉంటుంది,” అన్నాడు రుఫీనో తాపీగా.

నెనిటాకి ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళ కాపురాన్ని కూడా ‘ఏం కాదులే’ అనుకునే కదా పాడుచేశాడు. నోరులేని జీవం ఉసురు కూడా పోసుకుంటాడా? ఆ సాయంత్రం బురదలో బజారుదాకా నడిచి, జనరేటరు పెట్టుకున్న మందుల షాపులో తనే కొత్త సీసా కొంది. ఐసు ముక్కల మధ్య పెట్టుకుని తెచ్చింది. అతను కాఫీ కలుపుతుండగా, ఎప్పటిలాగే రెండు గీతలు లాగి వేసేసింది. ఐసుతో సహా సీసా బల్ల మీద పెట్టింది.

దోన్యా ఆమె ఒళ్ళో ముడుచుకుంది. రుఫీనో ఎగిరిపోయిన రేకుల సంగతి చెబుతూ ఎదురుగా కూర్చున్నాడు. ఎంత ముసలివాడైపోయాడో ఆమె ఆ రోజే చూసింది. ఇంకెన్నాళ్ళీ పంతం అనిపించింది. ఒట్టు తీసి గట్టున పెట్టడానికి దారేమిటో ఆదివారం ఫాదర్‌ని అడుగుదామనుకుంది. పిల్లికి నిద్రాభంగమవుతుందని కాలు కూడా కదపలేదు.

చీకటి పడుతుంటే రుఫీనో కొవ్వొత్తి వెలిగించాడు. ఆ వెలుగులో చూస్తే దోన్యా తల వేలాడిపోయి ఉంది. ఒళ్ళంతా ఒక్కసారి కొట్టుకుంది.

ఇన్సులిన్ ఎక్కువైతే ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలుసు. తేనె తెచ్చి చిగుళ్ళకి రాశారు. నోరు తెరిచి పోశారు. పోసిన తేనె పోసినట్టే బయటికి కారిపోయింది. కాసేపటికి ఊపిరి ఆగిపోయింది.

రుఫీనో తేనె సీసా పెట్టబోతుంటే బల్ల మీద చేతికేదో చల్లగా తగిలింది. కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని చూశాడు. మందు సీసా. మూత కొత్తది, చీటీ కొత్తది. దాన్ని ఆమె వైపు తిప్పి చూపించాడు.

నెనిటాకి ఒట్టు గుర్తులేదు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి మొగుడి మొహంలోకి చూసి మాట్లాడింది.

“రుఫీనో, నేనెక్కువ వెయ్యలేదు. రోజూ వేసినంతే వేశాను. మంచి మందే తెచ్చాను. ఎందుకిలా అయింది, చెప్పు.”

“దానికి జబ్బు తగ్గిపోయింది, మందు ఆపెయ్యమని క్రిస్మస్‌కి ముందే చెప్పాడు డాక్టరు, నువ్వు రావడం మానేస్తావని అప్పట్నుంచీ సీసాలో నీళ్ళు పోసి పెడుతున్నాను నెనిటా.”