రక్తం పడుతుందని తినిపించిన కార్జం

దొంగమందు మేపి ఎడ్లను బలిపించారు కదరా, పశువుల షావుకార్లూ! వచ్చి మా సంతలో చూడండిరా.

కడుపుతో ఉన్న ఇత్సెల్‌కు రక్తం తక్కువని, అత్త ఎవులాలియా ఆమెకు రోజూ మెక్సికోలోని గ్వాదలహారా సంతలో, మొక్కజొన్న రొట్టెలో ఎద్దు కార్జం చుట్టిన టాకోలు తినిపిస్తోంది.

“ఇంకోటి తినవే. గ్లాసు కూడా పట్టలేక చేతులు ఎలా వణుకుతున్నాయో చూడు!”

“నిన్న తిన్నాకే మొదలైంది అత్తమ్మా. గుండె దడదడలాడుతోంది.”

“నీరసం తల్లీ. కుకో, మరో రెండు వెయ్యి.”

టాకోల బండివాడు కుకో గరిటె ఆపాడు. “నిన్న ఇదే తిన్న లారీ డ్రైవరూ ఇలాగే వణికాడమ్మా. దున్నపోతులాంటి మనిషి, వాడికేం రక్తం తక్కువ? ఎడ్లు బలవడానికి ఏదో మందు మేపుతున్నారట, అది కార్జంలోనే నిలుస్తుందట.”

ఎవులాలియా కోడలి నోటి దగ్గరి టాకో లాగేసింది.

“పొయ్యి ఆర్పరా! ఆ కార్జం మూటగట్టు. ముందు పిల్లను ఆస్పత్రికి చేర్చి, అందరం కబేళా గేటుకి పోదాం. పరీక్ష చేసేదాకా ఒక్క ఎద్దునూ కొయ్యనివ్వొద్దు!”