ఒక్క ఫోటోకి ఆరు గంటలు

"ఒక్క ఫోటోకి ఆరు గంటలేంటండీ?" అన్నాడు రాంబాబు ఫోన్లో.

నతానియేలు మౌస్ పక్కన పెట్టాడు.

రాంబాబుకి విజయవాడలో పెళ్ళి ఆల్బమ్‌ల షాపుంది. అతను పంపే పాత ఫోటోల్ని మంగళగిరిలో ఒక గదిలో కూర్చుని కంప్యూటర్లో బాగుచేస్తాడు నతానియేలు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అయినా రోజు మొత్తమ్మీద నతానియేలుని పేరుపెట్టి పిలిచేది రాంబాబు ఒక్కడే. అదీ పనుంటేనే.

ఈ నెలంతా టైమర్ పెట్టుకుని పనిచెయ్యమన్నాడు రాంబాబు. ఒక్క ఫోటోకైనా గంట దాటుతోందేమో చూసి గంట రేటు ఖాయం చేస్తానన్నాడు. చెయ్యి చురుగ్గా ఉంటే గంటకి నాలుగొందలు. నత్తనడకైతే రెండొందల యాభై. గది అద్దె పెంచారు. నతానియేలుకి నాలుగొందలూ కావాలి.

నెలంతా ఏ ఫోటోకీ నలభై నిమిషాలు దాటలేదు. ఆఖరి రోజున ఇది వచ్చింది. పెళ్ళికూతురి చిన్నప్పటి ఫోటో. ఫంక్షన్ హాలు ముందు కట్టే ఫ్లెక్సీకట. తల్లీ, పాపా ఉండాలి. పక్కనున్న మగమనిషిని తీసెయ్యాలి.

"మనిషిని తీసెయ్యడం మీకు అరగంట పని కదండీ. ఎక్కడ ఆగిపోయారు?"

"పాప భుజం మీద చెయ్యేసి ఉన్నాడండీ. అది తీస్తే గౌను మళ్ళీ గియ్యాలి."

"గౌనుకి ఆరు గంటలా? టీకి వెళ్ళి టైమర్ ఆపడం మర్చిపోయారేమో."

"లేదండీ. ఫోటో ముందే కూర్చున్నాను."

రాంబాబు చెడ్డవాడేం కాదు. ఒక దారి చూపించాడు. "మర్చిపోయానని ఒక్క ముక్క రాసెయ్యండి. నలభై నిమిషాలు వేసుకుంటాను. మీ నాలుగొందలు మీకొస్తాయి."

నతానియేలుకి గది అద్దె గుర్తొచ్చింది. ఆశ పడ్డాడు కూడా.

"వద్దండీ. ఆరు గంటలూ పనే చేశాను. అలాగే ఉండనివ్వండి. దీనికి డబ్బులు మాత్రం వద్దు."

"రేటూ పోయె, డబ్బులూ పోయె. ఎందుకండీ ఇదంతా?"

"చదివింపులనుకోండి."

రాంబాబు నవ్వాడు. "మిమ్మల్ని పిలిచారేంటి పెళ్ళికి?"

"లేదండీ."

ఫోన్ పెట్టేశాక గది మరీ బోసిగా అనిపించింది. ఎవరితోనైనా ఇంకాసేపు మాట్లాడితే బాగుండుననిపించింది.

ఆ ఫోటో దిగిన రోజుకి నతానియేలుకి ముప్పై ఒక్క ఏళ్ళు, ముందు నిలబడ్డ అతని కూతురికి ఐదు.