తొమ్మిదో నంబర్

"తొమ్మిది," అన్నాడు కార్యదర్శి. ఇంకో చీటీ విప్పాడు. "ఇదీ తొమ్మిదే."

పంకా మేస్త్రి చేతిలోని స్క్రూడ్రైవర్‌ని ఠక్కున బల్ల మీద పడేశాడు. అతని కళ్ళు చీటీల మీద లేవు, మూలన కూర్చున్న మరదలి మీద ఉన్నాయి.

అది మరమ్మతుల సంఘం షెడ్డు. పాడైన ఫ్యాన్లూ మిక్సీలూ కుక్కర్లూ చెత్తకుప్పకు పోకుండా బాగుచేసి ఇచ్చే పన్నెండుమంది కలిసి పెట్టుకున్నది. యజమాని అంటూ వేరే ఎవరూ లేరు, అందరూ యజమానులే. కరెంటు కప్పు మీది సోలార్ పలకలిస్తాయి, సరుకు తొక్కుడు బండి మీద ఇళ్ళకు చేరుతుంది. ఇప్పుడు పక్క పేటలో రెండో షెడ్డు తెరుస్తున్నారు. దాన్ని నడుపుతూ కొత్తవాళ్ళకు పని నేర్పేది ఎవరో వస్తువులు వాడుకునేవాళ్ళే తేల్చాలని తీర్మానించారు. నాలుగు నెలలుగా, బాగుచేసిన ప్రతి వస్తువుకూ, చేసిన మనిషి నంబరు కొట్టిన బిళ్ళ ఒకటి వేలాడుతోంది. వస్తువుకు ఒక్క చీటీ చొప్పున, నచ్చిన పనివాళ్ళ నంబరు రాసి డబ్బాలో వేస్తే సరి.

మేస్త్రిది ఆరు. తొమ్మిది మరదలిది, అతని భార్యకు స్వయానా చెల్లెలు. రెండేళ్ళ కిందట టెస్టర్ ఏ చివర పట్టుకోవాలో తెలియని మనిషి. పని నేర్పింది మేస్త్రే.

అన్నీ నేర్పాడా అంటే, ఒక్కటి నేర్పలేదు. అతను బాగుచేసిన ఫ్యాన్ చప్పుడు చెయ్యదు. తన పాత నీలం మఫ్లర్‌లోంచి చిన్న ముక్క కత్తిరించి మోటారు కింద పెడతాడు. ఆ కిటుకు మరదలికే కాదు, కట్టుకున్న ఆవిడకూ చెప్పలేదు. మఫ్లర్‌ని పెట్టెలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతాడు.

బిళ్ళలంటే మాత్రం అతనికి ఒళ్ళుమంట. "ఖైదీలకు వేసినట్టు మనకు నంబర్లేంటయ్యా!" అని సణుగుతూ, బిళ్ళకేసి చూడనైనా చూడకుండా ఎడంచేత్తో చిల్లు కొట్టి తీగ దూర్చేసేవాడు.

లెక్క తేలింది. తొమ్మిదికి ముప్పై ఏడు. కుక్కర్ల మామకు ఎనిమిది. మేస్త్రికి మూడు.

మూడంటే మూడు! పదకొండేళ్ళు ఈ బల్ల మీద వంగి నడుము పోగొట్టుకున్నవాడికి మూడు. కొత్త షెడ్డు తాళం అందుకునేటప్పుడు వేసుకుందామని చొక్కా కూడా కుట్టించుకున్నాడు.

"ఎక్కడో పొరపాటు జరిగింది బావా," అంది మరదలు. "ఈ నాలుగు నెలల్లో నేను చేసినవే ఇరవై రెండు. ముప్పై ఏడు చీటీలు ఎలా వస్తాయి?"

మేస్త్రికి ఊపిరొచ్చింది. "విన్నారుగా? తన నోటితోనే చెప్పింది. చేసినవి ఇరవై రెండయితే మిగతా చీటీలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? ఇంట్లో కూర్చుని రాసుకొచ్చి వేసుకుంది!"

"బావా!"

"బావా లేదు, గీవా లేదు."

"తొందరపడకు మేస్త్రీ," అన్నాడు కార్యదర్శి. "ఇంటి మనిషి."

"ఇంటి మనిషయితే? దొంగ చీటీ ఏదో, అసలు చీటీ ఏదో ఎవరికి తెలుసు? తొమ్మిది అని రాసినవి ఒక్కటి కూడా చెల్లకూడదు. అన్నీ కొట్టెయ్యండి."

మరదలు లేచింది. కళ్ళనిండా నీళ్ళు. "కొట్టెయ్యండి. బావకి నా మీద నమ్మకం లేకపోయాక నాకీ షెడ్డూ వద్దు," అని తన బిళ్ళల సంచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

తొమ్మిదులన్నీ చింపేశారు. రెండో షెడ్డు కుక్కర్ల మామకు దక్కింది. తనకు రాలేదని మేస్త్రికి బాధ లేకపోలేదు. కానీ ఆమెకూ రాలేదన్న చల్లదనం ముందు ఆ బాధ ఏపాటిది? భార్య మాత్రం, "నా చెల్లెలు దొంగా?" అని ఒక్క మాట అడిగి, ఆ తర్వాత అతనితో మాట్లాడటం మానేసింది.

నాలుగో రోజు ఒక టీచరమ్మ టేబుల్ ఫ్యాన్ పట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"మీ తొమ్మిదో నంబర్ ఉన్నారా?"

"మానేసింది," అన్నాడు మేస్త్రి ముక్తసరిగా.

"అయ్యో! ఎంత మంచి చెయ్యండీ! మూడు నెలలుగా తిరుగుతోంది, గాలే గానీ చప్పుడన్నదే లేదు. మా వీధిలో నలుగురం ఆ నంబరుకే చీటీ వేశాం. ఇప్పుడు పిల్లి వైరు కొరికేసింది, అంతే."

చప్పుడన్నదే లేదా? ఆ మాట మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ వెళ్ళీ వెళ్ళగానే, మరదలు ఎక్కడ తప్పు చేసిందో పట్టుకోవాలని అడుగు రేకు విప్పాడు.

మోటారు కింద నీలం ఉన్ని ముక్క.

"కిటుకు కూడా కాజేసిందన్నమాట!" అని పళ్ళు కొరికి, ముక్కని బయటికి లాగాడు. దాని అంచున తెల్లదారంతో కుట్టిన సగం పువ్వు ఉంది. పెళ్ళయిన కొత్తలో భార్య అతని మఫ్లర్ మీద కుట్టిన పువ్వు. మిగతా సగం పెట్టెలో ఉంది, తాళంచెవి జేబులో ఉంది.

మేస్త్రి చెయ్యి మెల్లగా ఫ్యాన్ చువ్వలకు వేలాడుతున్న బిళ్ళ దగ్గరికి వెళ్ళింది. తొమ్మిది, సందేహం లేదు.

తలకిందులుగా తిప్పితే, ఆరు.