బొగ్గు బస్సులో వెనక సీటు

“ఈ మనిషెవుడో నాకు తెల్దు. నా ఎనకాల రావద్దని సెప్పండి!” చోడవరంలో బస్సెక్కుతూనే నూకరత్నం కండక్టరుతో అనేసింది.

కండక్టరు బంగార్రాజు, ఆమె వెనకే ఫుట్‌బోర్డు మీద కాలుపెట్టిన దాసుని ఎగాదిగా చూశాడు.

“నా పెళ్ళావేనండీ. అలిగి అనకాపిల్లి ఎల్లిపోతంది, పుట్టింటికి,” అన్నాడు దాసు నీరసంగా.

“పులుసు కంచం పెంట మీదకి ఇసిరీసినోడు నాకు మొగుడేటి? ఈడికీ నాకూ ఏటీ నేదు. ఇంక సోడవరం మొకం సూడను.”

అది బొగ్గు బస్సు. యుద్ధం నాటి పెట్రోలు కరువు తీరినా, 1950లో కూడా ఆ బస్సు యజమాని దాన్నింకా మార్చలేదు. వెనక పీపాలో బొగ్గులు రాజుకుంటే, ఆ గ్యాసుతో ఇంజను నడుస్తుంది. సెగకి జడిసి వెనక సీట్లో ఎవరూ కూచోరు. మొగుడు అక్కడికి రాడులే అని రత్నం పోయి పీపా పక్కనే కూచుంది. దాసు రానే వచ్చి ఇవతలి చివర కూచున్నాడు.

వెంకన్నపాలెంలో వాన పట్టుకుంది. అనకాపల్లి వెళ్ళే డాక్టరు గణపతిరావు తడుస్తూ ఎక్కి ముందు సీట్లో కూచున్నాడు. బంగార్రాజు గుడ్డ తెరలన్నీ దించేశాడు. వెనక సీట్లో వెచ్చగా, హాయిగా ఉంది.

“రత్నం, తప్పయిపోనాది. పులుసు బాగానే ఉంది. నాకే బుద్ది నేదు.”

రత్నం మొకం తెరవైపు తిప్పేసుకుంది.

తెర సందులోంచి చెరకు తోటలు కనిపిస్తున్నాయి. కాసేపటికి అవి పచ్చటి నీళ్ళయి మెల్లగా ఊగాయి. బస్సు కుదుపులు ఎక్కడికి పోయాయో, పడవలో వెళుతున్నట్టుంది. తన చేతులు తనవి కానంత తేలిగ్గా ఉన్నాయి దాసుకి.

“వాన ఎంత బాగుందో,” అంది రత్నం, ఎక్కడో దూరాన్నించి.

దాసు ఉలిక్కిపడ్డాడు.

“మన పెళ్ళికీ ఇలాగే కురిసినాది. పందిరి కారిపోతంటే నువ్వు నా నెత్తిమీద పీట పట్టుకున్నావు.” నవ్వింది. జరిగి జరిగి వచ్చి అతని భుజం మీద తల వాల్చింది. ఆమె బుగ్గలు పెళ్ళినాటికంటే ఎర్రగా ఉన్నాయి. దాసుకి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. అనకాపల్లి ఎప్పటికీ రాకపోతే బాగుణ్ణనుకున్నాడు.

“బస్సాపండి! తెరలెత్తండి! వెనక ఇద్దర్నీ కిందికి దింపండి!”

అరిచింది డాక్టరు గణపతిరావు. ఎందుకో వెనక్కి తిరిగి చూసి ఆ బుగ్గల ఎరుపుకి బెదిరిపోయాడాయన. నలుగురూ పట్టి ఇద్దర్నీ రోడ్డు పక్కన బెల్లం వండే పాకలోకి చేర్చారు. నాలుగువైపులా గోడల్లేని పాక, చల్లటి గాలి కొడుతోంది. దాసు భళ్ళున వాంతి చేసుకున్నాడు. రత్నానికి తెలివి లేదు.

“మొకం కళకళ్ళాడతంది కదండీ, దీనికేటైందండీ?” దాసు ఆమె బుగ్గలు తడుముతూ అడిగాడు.

“ఆ కళే మోసం. ప్రాణవాయువుని ఎక్కించుకెళ్ళి ఒళ్ళంతా దింపి రావడం రక్తం పని. పీపాలోంచి కారిన ఈ బొగ్గు గ్యాసు ముందే ఎక్కి సీట్లన్నీ ఆక్రమించేస్తుంది. దిగమంటే దిగదు. ప్రాణవాయువు రోడ్డు మీదే నిలబడిపోతుంది. రక్తం మాత్రం ఎర్రెర్రగా బాగానే కనిపిస్తుంది.”

“మరి దింపడం ఎలగండి?” అన్నాడు బంగార్రాజు.

“మంచిగాలి తగలాలి. మెల్లిగా దిగుతుంది.”

“నాతో సక్కగా మాటాడిందండీ. నా బుజం మీద తల పెట్టుకుంది,” అన్నాడు దాసు.

“గ్యాసయ్యా! ఆ మత్తులో కోపం, తాపం ఏమీ తెలియవు. ఎవరి భుజమైనా తలగడే.”

దాసు అక్కడే కూలబడ్డాడు. రత్నం రొమ్ము ఎగసి పడుతోంది. ఒక్కో ఊపిరికీ ఆమె బతుకుతోంది, ఒక్కో ఊపిరికీ తనకి దూరమవుతోంది. తెలివి రాకపోతే చచ్చిపోతుంది. వస్తే కోపమూ వస్తుంది. అయినా కండువాతో విసురుతూనే ఉన్నాడు. ఎంత తిట్టినా సరే, బతికితే చాలు దేముడా అని మొక్కుకున్నాడు.

చాలాసేపటికి రత్నం మూలిగి, తల పట్టుకుని లేచి కూచుంది.

“మాట తేడా వచ్చిందేమో చూడాలి,” అంటూ డాక్టరు ముందుకి వంగాడు. “నీ పేరేమిటమ్మా?”

“నూకరత్నం.”

“బస్సెక్కడ ఎక్కేవు?”

“సోడవరం.”

“ఇతనెవరో గుర్తుందా?”

“ఆవిడకి ఈయనెవరో తెల్దటండి. ఎక్కినప్పుడే సెప్పీసింది,” అని బంగార్రాజు అడ్డొచ్చాడు.

“నువ్వుండవయ్యా. చెప్పమ్మా, ఇతని పేరేమిటి?”

దాసు విసరడం ఆపేశాడు. రత్నం అతనివైపు చాలాసేపు చూసింది. కళ్ళలో మత్తు లేదు. తేటగా ఉన్నాయి. అతను తల దించేసుకున్నాడు.

రత్నం తడిసిన పైట తలమీదకి లాక్కుంది.

“బాగుందండీ డాట్రు బాబూ... ఆయన పేరు నా నోటితో నానెలగ సెప్తానండి?”