లోపలి మడత

గౌను నచ్చితే మా స్వర్ణ పాప సంవత్సరీకానికి ఊరు పంపిస్తానని మేడమ్ మాటిచ్చింది. పాప పోయిననాడు "సెలవు మాఫీ, లేదు పో" అని తలుపేసుకున్న మనిషే. ఏడాదిలో మనసు ఎంత కరిగిందో చూడండి.

దోహాలో ఉన్న టైలర్లెవరూ ఆమె విందు గౌనుకు పనికిరారట. గిన్నెలు తోమే నేను పనికొచ్చాను.

గౌను ఒంటికి అతికినట్టు సరిపోయింది. అయినా మేడమ్ దాన్ని తిరగేసి, వంటగదిలోకి తెచ్చి నా ముందు పడేసింది. పక్క కుట్లలోనూ కింది అంచులోనూ నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ లోపలికి మడిచి ఉంది.

"నేను ఇంకా లావెక్కుతాననా? యల్లా, త్వరగా కత్తిరించు. లేకుంటే సెలవు లేదు."

కూరగాయలు దించుతున్న డ్రైవర్ ఓబులేసు నవ్వాడు. "ఏందక్కా, యాభై ఏండ్ల మేడమ్ ఇంకా పొడుగు పెరుగుతాదనుకుంటివా?"

"గొప్పోళ్ళు గదా నాయనా, ఎన్నేండ్లైనా పెరుగుతారు," అన్నాను.

మడతలన్నీ కత్తిరించాను. సెలవు దొరికింది.

నేను కుట్టు నేర్చింది స్వర్ణ కోసమే. ఏటా ఒక మడత విప్పితే ఒకే గౌను నాలుగేళ్ళు వచ్చేది. చేతికి ఆ అలవాటు పోలేదు.

ఊళ్ళో పెట్టెలో ఉన్న దాని ఆఖరి గౌనుకు మడతలన్నీ అలాగే ఉన్నాయి.