రిబ్బన్ కట్టిన కాలు

"ఇంటికి వెళ్ళిపో బావా. ఈ కాలుతో నువ్వు పెద్ద స్టేజీ దాకా వెళ్ళినట్టే" అంది కుందేలు.

కుందేలంటే కుందేలు వేషంలో ఉన్న మరదలు. ఎలుగుబంటి వేషం బావది. డ్రెస్సింగ్ రూము మెట్ల మీద ఇప్పుడే జారి, ఎడమకాలు పట్టుకుని కూలబడ్డాడు. చీలమండ చూస్తుండగానే బంతిలా ఉబ్బింది.

"ఇంటికి వెళ్తే మీ అక్క రెండో కాలు కూడా విరగ్గొడుతుంది. ఇవాళ పరేడ్ చూడ్డానికి పార్కు ఓనరే వస్తున్నాడు. ముగ్గురిలో ఒక్కణ్ణి పర్మనెంటు చేస్తాడట. ఏడాది నుంచి ఈ బొచ్చులో ఉడికిపోతున్నది ఎందుకనుకున్నావు?"

ఉన్నది ఒకటే ఎలుగుబంటి తొడుగు. దాన్ని ముగ్గురు టెంపరరీవాళ్ళు వంతులవారీగా తొడుక్కుంటారు. దెబ్బ తగిలిందని తెలిస్తే సూపర్‌వైజర్ తొడుగు లాక్కుని ఇంకొకడికి ఇచ్చేస్తాడు. నాలుగింటికి స్టేజీ మీద ఉండాలి. ఇప్పుడు మూడూ నలభై. మధ్యలో పార్కంతా ఉంది.

"అయితే లే. తల పెట్టుకో" అంది మరదలు.

తల పెట్టుకున్నాక రెండే నియమాలు. బయట తల తీయకూడదు, నోరు విప్పకూడదు. చెట్టంత మనిషి కుందేలు భుజం మీద చెయ్యి వేసి ఒంటికాలి మీద గెంతుతూ బయల్దేరాడు. జనం అదో కొత్త డాన్సనుకుని చప్పట్లు కొట్టారు. బొమ్మ రైలు ఎక్కితే రెండు స్టాపులు కలిసొచ్చాయి కానీ, పిల్లల సీట్లో ఇరుక్కున్న ఎలుగుబంటిని లాగడానికి కుందేలుతోపాటు డ్రైవరు కూడా దిగాల్సి వచ్చింది. అప్పటికి మూడూ యాభై.

"అమ్మా, ఎలుగుబంటికి కాలు నొప్పి" అంది రెండు జడల పిల్ల ఒకత్తి.

అంతే, క్షణంలో ఇరవైమంది పిల్లలు చుట్టుముట్టారు. రెండు జడల పిల్ల ఒక జడకున్న ఎర్ర రిబ్బన్ విప్పి, నేల మీద చతికిలబడి, ఎలుగుబంటి కుడికాలికి కట్టడం మొదలుపెట్టింది. బావ తల అడ్డంగా ఊపాడు. ఎడమకాలు ముందుకు పెట్టాడు.

"కదలకు. నేను డాక్టర్ని" అని పిల్ల ఆ కాలి మీద ఒక్కటేసింది.

నోరు విప్పే వీలుంటే, అది కాదమ్మా, రెండోది అనేవాడు. వీలు లేదే. పిల్ల ముడి వేసింది, పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఇక అంతమంది చూస్తుండగా రిబ్బన్ లేని కాలు కుంటితే ఏం మర్యాద? కుడికాలు ఈడుస్తూ, ఒంటి బరువంతా వాచిన ఎడమకాలి మీద మోపాడు పాపం. పట్టపగలే చుక్కలు కనిపించాయి. అయినా కిక్కురుమనలేదు.

పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న ముసలావిడ ఇదంతా చూసి లేచి నిలబడింది.

"నాకు నడుం నొప్పి గాని కాళ్ళకేం రోగం? నువ్వు కూర్చో నాయనా."

పొద్దుటి నుంచి ఆవిణ్ణి తోస్తున్న కొడుకు నోరు వెళ్ళబెట్టాడు.

ఎలుగుబంటి కుర్చీలో కూర్చోగానే పిల్లలు తోపుడు అందుకున్నారు. ఇరవైమంది యాభైమందయ్యారు. కుందేలు ముందు పరిగెడుతూ చేతులు ఊపి దారి చేసింది. పాప్‌కార్న్ అతను బండి పక్కకు లాగాడు. వాలు దగ్గర కుర్చీ పిల్లల చేతులు జారి తనంతట తనే పరుగందుకుంది. వెనకాల పిల్లలు, వాళ్ళ వెనకాల తల్లిదండ్రులు, అందరికీ వెనక తన కుర్చీ కోసం ముసలావిడ కూడా. లోపల బావకి భయంతోపాటు చెప్పలేనంత సంతోషం వేసింది. స్టేజీ ముందు కుర్చీ ఆగేసరికి నాలుగింటికి ఇంకా నిమిషం ఉంది.

బావ దిగి, కుడికాలు ఈడ్చుకుంటూ స్టేజీ ఎక్కి సలాం కొట్టాడు. జనం గోల ఆకాశానికంటింది. ముందు వరసలో ఓనరు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు.

అరగంట తర్వాత ఓనరు సూపర్‌వైజర్ని వెంటబెట్టుకుని డ్రెస్సింగ్ రూముకి వచ్చాడు. తొడుగు కాలికి కట్టిన రిబ్బన్‌తో సహా కొక్కేనికి వేలాడుతోంది. బావ చీలమండ మీదికి ప్యాంటు లాక్కుని నిలబడ్డాడు. పక్కన మిగతా ఇద్దరు.

"ఎలుగుబంటి కుంటడం అనేది ఎంత గొప్ప ఆలోచనయ్యా. రేపటి నుంచి రోజూ అదే ఐటెం. చేసినవాడికి పర్మనెంటు. ఎవరది?"

మూడు చేతులు లేచాయి.

"ఇవాళ వంతు ఎవరిది?" అడిగాడు ఓనరు.

"వీళ్ళలో వీళ్ళు మార్చుకుంటారు సార్. నాకు చెప్పరు" అన్నాడు సూపర్‌వైజర్.

"మా బావే సార్. నేను పక్కనే ఉన్నాను" అంది మరదలు.

"మరదలు ఇంకెలా చెబుతుంది సార్?" అన్నాడు ఒకడు.

కాలు చూపిద్దామని బావ వంగబోయాడు. ఎదురుగా సూపర్‌వైజర్ ఉన్నాడని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"గొడవెందుకు? ముగ్గురూ కుంటి చూపించండి. చూసిన కళ్ళే కదా నావి, గుర్తుపడతాను" అన్నాడు ఓనరు.

బావకి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళు నటించాలి. తనకా కర్మ లేదు. మిగతా ఇద్దరూ కొక్కెం మీది తొడుగుని ఓసారి పరకాయించి చూసి, గది ఆ చివర నుంచి ఈ చివరకి కుంటుకుంటూ నడిచారు. బావ ఎటూ చూడలేదు. ఇందాకటి నుంచి బిగబట్టుకున్న నొప్పినంతా వదిలేసి, ఉన్నది ఉన్నట్టు నడిచాడు. ఆ నడక చూసి మరదలికి ఏడుపొచ్చింది.

ఓనరు సూపర్‌వైజర్ వైపు తిరిగాడు.

"ముందు ఆ మూడోవాణ్ణి పంపించెయ్యి. రిబ్బన్ కుడికాలికుంటే ఎడమకాలు కుంటుతున్నాడు, అబద్ధం ఆడటం కూడా చేతకాదు."