పక్కన కూర్చున్నవాడు

"పోమాక. పోయావంటే దొరికిపోతావు," అంది దయామణి, మొగుడు గడప దాటకుండా తలుపుకు అడ్డంగా నిలబడి.

మన్సూర్ తెల్ల టోపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాచర్లలో డోలు ఖాసిం చనిపోయాడని అప్పుడే అతని భార్య ఫోన్ చేసింది. కబురు తెలియాలని చెప్పానని, అంత దూరం శ్రమపడి రావద్దని కూడా అంది.

"ఆమే రావద్దంది గదా! అక్కడ జనాజా నమాజు చేస్తారు. నీకు రెండు ముక్కలన్నా వచ్చా? నువ్వు ఇశ్రాయేలువని తెలిస్తే రేపట్నుంచి నరసరావుపేటలో ఏ గుళ్లో సన్నాయి ఊదనిస్తారు?"

ఆమె లెక్కలో తప్పు లేదు. పల్నాట గుడి మేళంలో షేకుల సన్నాయి అంటే గౌరవం. అదే సన్నాయి మాలపల్లె వాడు ఊదితే మైల. సరుకు ఒకటే అయినా సంచి మీద మార్కాను బట్టే బేరం. అందుకే ఇశ్రాయేలు మన్సూర్ అయ్యాడు.

"పన్నెండేళ్లు నా సన్నాయికి డోలు వాయించాడే. మట్టికన్నా పోకపోతే నేనేం మనిషిని?"

"ఇన్నేళ్లలో ఒక్కసారన్నా నిన్ను ఇంటికి పిలిచాడా?"

"మనం పిలిచామా?"

దయామణి గోడ మీది ఏసుప్రభువు పటం వైపు చూసింది. పక్కకు తప్పుకుంది.

బస్సు ఎక్కింది మొదలు మన్సూర్ ఫోనులో నమాజు వీడియో చూస్తూనే ఉన్నాడు. ఆఖరి వరుసలో నిలబడి ముందువాళ్లు చేసినట్టు చేస్తే గండం గడుస్తుందనుకున్నాడు. పెళ్లిళ్లలో ఇద్దరికీ పక్కపక్కనే విస్తళ్లు వేసేవాళ్లు. ఏ నియమం తప్పి బయటపడిపోతానో అని మన్సూర్ తలవంచుకుని గబగబా తిని లేచేవాడు. ఖాసిం కూడా అంతే, మాట్లాడకుండా తినేవాడు. పెద్దింటి షేకు, ఆ మాత్రం బిగువు ఉంటుందిలే అనుకునేవాడు మన్సూర్.

మాచర్లలో దిగి మసీదు వీధిలో అడిగితే డోలు ఖాసిం ఎవరో ఎవరికీ తెలియలేదు. టీకొట్టాయన మాత్రం, "డోలు కొట్టే ఆయనా? కాలువ అవతల సందులో ఉంటాడయ్యా," అని చెయ్యి చూపించాడు.

కాలువ దాటి మన్సూర్ టోపీ పెట్టుకున్నాడు. సందు మలుపు తిరిగేసరికి పాట వినిపించింది. చిన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని ఆదివారం ఆదివారం తను పాడిన పాట.

షామియానా కింద కూర్చున్నవాళ్లు అతని టోపీ చూసి పాట ఆపేశారు. వాళ్ల మధ్య పెట్టె. పెట్టె మీద సిలువ. లోపల ఖాసిం.

ఖాసిం భార్య లేచి వచ్చి చేతులు జోడించింది.

"తప్పయిపోయింది సాయిబు గారూ. నా పేరు ఫిలోమినా. మేళంలో చోటు కోసం మా ఆయన ఆ పేరు పెట్టుకున్నాడు. మీకన్నా చెప్పేయమని చానాసార్లు పోరాను. ప్రాణం పోయేటప్పుడు కూడా ఒప్పుకోలేదు. 'మన్సూరన్న అసలైన షేకు, తెలిస్తే ఇంక నా పక్కన కూర్చోడే' అన్నాడు."